గంబోరా మొహం

చెంగయ్య సైకిలు చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ట్యూబు బయటికి లాగుతున్నప్పుడు ఆ అమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది. చంద్రగిరి కోటకు పోయే రోడ్డులో బోర్డు లేని అంగడి అది. బోర్డు పెట్టే అవసరం ఎప్పుడూ పడలేదు. ఊళ్ళో ఎవరిని అడిగినా, "గంబోరా అంగడా? అదో, ఆ మలుపు దాటినాక" అని చెయ్యి చూపిస్తారు.

"చెంగయ్యగారంటే మీరేనా?"

ఆ అంగట్లో 'గారు' అన్న మాట అంతకుముందు ఎన్నడూ వినపడలేదు. చెంగయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వెనకాల గోడకు వేలాడే టైర్లు తప్ప ఎవరూ లేరు.

"నేనే పాపా. గాలికా, పంచరుకా?"

"దేనికీ కాదు. నా పేరు హేమశ్రీ. తిరపతి నుంచి వచ్చినాను. ధనంజయ సార్ మీ దగ్గరికి పంపించినారు."

ఆ పేరు వినగానే చెంగయ్య చేతులు గుడ్డకు తుడుచుకుని స్టూలు ముందుకు జరిపాడు. ధనంజయ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊరందరికీ 'అయివోరు'. బడి ఉద్యోగం చేసుకుంటూనే, మద్రాసు నుంచి వచ్చే ఒక పిల్లల మాసపత్రికకు 'అరుణగ్రహపు కోట' అనే బొమ్మల సీరియల్ గీసేవాడు. అందులో కెప్టెన్ వికాస్ రాకెట్టెక్కి అంగారకుడి మీదికి పోయి ఇరుక్కుపోతాడు. అక్కడి కోటకు కావలి కాసే కొమ్ములవాడు గంబోరా. కోట బురుజు మీద ఇద్దరూ కలబడ్డారు, ఆఖరి భాగం వచ్చే నెల అన్నారు. ఆ వచ్చే నెల రానే లేదు, పత్రిక మూతపడింది. నలభై ఏళ్ళుగా పాపం వాళ్ళిద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఆ బురుజు మీదే ఉన్నారు.

"ఆ సీరియలంతా మేం పుస్తకంగా వేస్తున్నాం" అంది హేమశ్రీ, సంచిలోంచి కాగితాలు తీస్తూ. "ఏ బొమ్మ దేన్ని చూసి గీసినారో వెనక పేజీల్లో చూపిస్తాం. అప్పట్లో విదేశాల్లో రాకెట్లూ రాక్షసులూ గీసేవాళ్ళు సినిమా ఫొటోలు, కుస్తీ పత్రికలు, ప్రకటనలు ముందర పెట్టుకునేవాళ్ళు. సార్‌ని అడిగితే, 'నేను చూసిందంతా చెంగయ్య దగ్గరుండాది, పో' అన్నారు."

చెంగయ్య ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకుని మొదటి కాగితం అందుకున్నాడు. అబ్బ, ఎన్నాళ్ళయింది! మనిషి అక్కడే పదేళ్ళు చిన్నవాడైపోయాడు.

"సీరియల్లో కోట, ఇక్కడి చంద్రగిరి కోటలో ఉండే రాజమహలేనని నాకు తెలిసిపోయింది. ఈ ఆక్సిజన్ సిలిండరు ఏంటండీ?"

"అదా? సెనక్కాయ చేనుకు మందు కొట్టే పంపు. మా మామది. ఈపున తగిలించుకుంటే ఆ మందు కంపుకు తల తిరిగేది. అయివోరేమో, 'అంగారకంలో గాలే ఉండదు గదరా, నువ్వు ఊపిరెందుకు పీలుస్తా ఉండావు' అనేటోడు."

హేమశ్రీ పకపకా నవ్వింది. "మరి ఈ కిరణాల తుపాకీ?"

"సైకిల్ పంపు. ఇదో, ఇట్లాంటిదే."

"హెల్మెట్?"

"మా యమ్మ ఇడ్లీకుండ. అయివోరు మా ఇంటి తట్టు వస్తా ఉంటే సాలు, మా యమ్మ కుండ దాపెట్టేసేది."

"గంబోరా కొమ్ములు?"

చెంగయ్య మేకుకు తగిలించి ఉన్న పాత హ్యాండిల్ బారు ఒకటి దించి, నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కళ్ళు పెద్దవి చేసి చూశాడు.

హేమశ్రీ నవ్వబోయి ఆగిపోయింది. చేతిలో ఉన్న బొమ్మను చూసింది. మనిషిని చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది. కలిసిపోయిన గుబురు కనుబొమలు, వెడల్పు ముక్కు, ముందు పళ్ళ మధ్య సందు, బయటికి విచ్చుకున్న చెవులు. ఇక్కడ తల నెరిసింది, అక్కడ ఒంటికి ఆకుపచ్చ రంగు, అంతే తేడా.

"గంబోరా మొహం మీదేనా?"

"నాదే."

"మరి కెప్టెన్ వికాస్? ఈ భుజాలు, ఈ నిలబడడం?"

"అదీ నేనే. పొద్దున కెప్టెను, సాయంత్రం గంబోరా. కుస్తీ బొమ్మకైతే దిండు పట్టుకొని కొట్లాడినా."

హేమశ్రీ ఇంకో కాగితం బయటికి తీసింది. ఎప్పటిదో విదేశీ పత్రికలో గడ్డం సబ్బు ప్రకటన. చెక్కినట్టుండే ముక్కూ, తెల్లటి దవడా ఉన్న మనిషి అద్దంలో చూసుకుని మురిసిపోతున్నాడు. "కెప్టెన్ మొహం మాత్రం ఈయనది. నేనే వెతికి పట్టినాను."

"ఓహో, సబ్బాయన! అయివోరి గోడకు అంటించి ఉండేటోడు."

"మీకు కోపం రాలేదా?" ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "కష్టమంతా మీది. ఒళ్ళు మీది. మొహం మాత్రం పనికిరాలేదు, తెల్లోడిది కావాల్సొచ్చింది. మీ మొహాన్నేమో తీసుకుపోయి రాక్షసుడికి తగిలించినారు. ఎంత అన్యాయం!"

అన్యాయమే. కాదనడానికి లేదు. మొదటి సంచిక వచ్చిన రోజు చెంగయ్య ఊరంతా తిరిగి పదిమందికి చెప్పి, బస్టాండులో పత్రిక కొని తెరిచి, కెప్టెన్ మెడ మీద సబ్బాయన తలకాయ చూసి, పత్రిక మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి పోయి ముసుగుతన్ని పడుకున్నాడు. రెండు రోజులు అంగడి తీయలేదు. మూడో రోజు తీసేసరికి అంగడి ముందు బడిపిల్లలు సైకిళ్ళతో బారులు తీరి ఉన్నారు. ఒక్క దానికీ పంచరు లేదు. గంబోరాను దగ్గర్నుంచి చూడడానికి వాళ్ళ చేతులతో వాళ్ళే గాలి తీసేసుకుని వచ్చారు.

"ఆ పొద్దు రోంత కడుపు మండిందిలే పాపా. ఆ తర్వాత..."

హేమశ్రీ అప్పటికే ఫోనులో గబగబా ఏదో రాసుకుంటోంది. 'ఆ తర్వాత' ఆమె చెవిన పడలేదు.

"దీన్ని సరిచేద్దాం చెంగయ్యగారూ. చెయ్యకపోతే ఈ పుస్తకం వేసి ఏం లాభం? రేపు సార్ ఇంటికి రండి. అప్పట్లో రాని ఆఖరి భాగాన్ని పుస్తకం కోసం ఇప్పుడు గీస్తా ఉండారు. అన్ని పేజీలూ అయిపోయినాయి, ఒక్క బొమ్మ మిగిలింది. గంబోరా చచ్చిపడి ఉండే బొమ్మ. దానికి మీరు పడుకోవాలంట."

ఆమె పోయాక చెంగయ్య ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తూ కూర్చున్నాడు. బుడగలు వస్తూనే ఉన్నాయి గాని, చిల్లు మీద వేలు పెట్టడం మరిచిపోయాడు.

సాయంత్రం ఇంట్లో నాగవేణి సంగటి కెలుకుతూ మొగుడి మొహం చూసింది. "ఏం గంబోరా, ఎవురన్నా సైకిల్ ఎత్తుకపోయినారా?"

కాపురానికి వచ్చిన మొదటి ఏడు ఎగతాళికి మొదలుపెట్టిన పిలుపు అది. ఇప్పుడు కోపమొస్తే మాత్రమే "చెంగయ్యా" అంటుంది. అతను సంగతంతా చెప్పాడు. పుస్తకం దాకా బాగానే విన్నది. ఆఖరి బొమ్మ మాట రాగానే చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"సచ్చినట్టు పండుకోవాల్నా? వద్దంటే వద్దు చెంగయ్యా. మీ యమ్మ మొత్తుకున్నది మర్సిపోయినావా?"

ఎట్లా మరుస్తాడు? పత్రిక మూతపడడానికి ముందు నెల అది. రాజమహలు ముందర గడ్డిలో అతను నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ధనంజయ ఏది గీసినా కళ్ళతో చూసి గీసే మనిషి కదా, ఊళ్ళో చూసిన శవాల్ని గుర్తు తెచ్చుకుని, చెంగయ్య కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టాడు. అంగారకుడి మీద ఎవరు కడతారు, ఎందుకు కడతారు అన్న ఆలోచనే ఆయనకు రాలేదు. సరిగ్గా అప్పుడు గొర్రెలు తోలుకుంటూ అటుగా వచ్చిన తల్లి పోలేరమ్మ, కొడుకు కాళ్ళ బొటనవేళ్ళు కట్టి ఉండడం చూసింది. ఇంకేముంది! గుండెలు బాదుకుంటూ ఆమె పెట్టిన కేకకు కోట చూడ్డానికి వచ్చినవాళ్ళంతా పోగయ్యారు.

"నాకు పెండ్లై నెల కాలేదు" అంది నాగవేణి. "పేడ చేతులతో పరిగెత్తినా. నువ్వేమో లేసి కూసోని, దారం ఇప్పుకోను రాక ఎగరతా ఉండావు. ఆ పొద్దు మీ యమ్మ ఉప్పు మిరపకాయలు దిష్టి తీసి, ఇంకెప్పుడూ అట్ల పండుకోనని ప్రమాణం చేయించుకున్యాది. నేను పక్కనే ఉండా."

"అప్పుడంటే కాలి యేళ్ళు కట్టినాడులే. అయినా సచ్చేది నేనా ఏంది? గంబోరా కదా."

"మరి గంబోరా ఎవురయ్యా?"

చెంగయ్య సంగటి ముద్ద చల్లారిపోయేదాకా పళ్ళెంలో వేలితో గుంట చేస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ధనంజయ ఇంటి వరండాలో అడుగుపెట్టేసరికి ఆయన బల్ల ముందు కూర్చుని పెన్సిలు చెక్కుతున్నాడు. వయసు డెబ్బై ఆరు దాటింది. బ్లేడు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది, పొట్టు పంచె మీద పడుతోంది. కానీ పెన్సిలు ములుకు కాగితానికి తగిలిందంటే ఆ వణుకు ఎటు పోతుందో పోతుంది, గీత తిన్నగా సాగుతుంది. పక్కన కుర్చీలో హేమశ్రీ లాప్‌టాప్ తెరుచుకుని ఉంది.

"రారా చెంగయ్యా. నీకోసం ఈ పాప రాత్రంతా కూసోని ఏం చేసిందో సూడు."

తెర మీద పుస్తకం అట్ట. రాజమహలు బురుజుల వెనక రెండు చందమామలు. ముందర కెప్టెన్ వికాస్, వీపున పంపు, చేతిలో తుపాకీ. గాజు టోపీలో సబ్బాయన లేడు. ఇరవై ఏళ్ళ చెంగయ్య ఉన్నాడు. కనుబొమలు, ముక్కు, పళ్ళ సందు, అన్నీ ఉన్నాయి. ఎంత బాగున్నాడు! ఇట్లాంటి పత్రిక చేతిలో పట్టుకునే కదా ఆ రోజు బస్టాండు నుంచి ఇంటిదాకా ఎగురుకుంటూ రావాలనుకున్నది.

"నిజమే రా, అప్పుడే నీ మొహం పెట్టుండాల్సింది" అన్నాడు ధనంజయ. "కెప్టెనంటే అట్లుండాలేమో అనుకున్యా. బుర్ర లేదు."

"లోపలి పేజీలన్నిటిలో కూడా మార్చేస్తాను" అంది హేమశ్రీ ఉత్సాహంగా.

చెంగయ్య కళ్ళు మెల్లగా అట్ట కింది మూలకు జారాయి. అక్కడ కొమ్ములున్నది ఒకటి పళ్ళు బయటపెట్టి నిలబడి ఉంది. తొండ మొహం, చీలిన నాలుక.

"ఇదెవురు?"

"గంబోరా. కొత్త మొహం పెట్టినాను. మీది తీసేసినాం కదా మరి."

"గంబోరా మాదిరి లేడే."

"అదే కదా మనక్కావలసింది!"

కెప్టెన్ వికాస్ చేతిలో చావబోయేవాడు ఆ తొండేనని చెంగయ్య తనకు తాను చెప్పుకోబోయాడు. కుదరలేదు. బడి వదలగానే అంగడి ముందు ఆగి, "గంబోరా మామా, గాలి" అని చక్రం ముందుకు తోసిన పిల్లలందరూ ఎవరిని పిలిచినట్టు? వాళ్ళు ఇప్పుడు పిల్లల్ని కన్నారు, ఆ పిల్లలూ వచ్చి అదే మాట అంటున్నారు. ఈ పుస్తకం చూసి, 'ఈడు గంబోరా కాదే' అనుకోరా?

"అయివోరా, ఒగ మాట. గంబోరాను సంపకుంటే కాదా?"

"కథ నాది కాదు కదరా. రాసినాయన ఎప్పుడో పొయినాడు. 'గంబోరా నేల కూలును' అని రాసి పెట్టిపొయినాడు. నేను బొమ్మలోణ్ణి. ముందర ఏముంటే అది గీస్తా, లేనిది గీయడం నాకు చేతకాదు."

హేమశ్రీకి ఏదో గుర్తొచ్చింది. "సార్, అడగాలనుకుంటున్నా. ఏడో భాగంలో కోట మెట్ల మీద మేక ఉంటుంది. అంగారకుడి మీద మేకేంటి?"

"వచ్చి నిలబడింది" అన్నాడు ధనంజయ, అంతకంటే చెప్పేదేముందన్నట్టు.

"తోలమని నేను ఎంత చెప్పినా ఇనలా" అన్నాడు చెంగయ్య. "మద్రాసు నుంచి ఉత్తరమొచ్చింది, మేకేందని. చెరపనన్నాడు. పిల్లకాయలందరూ మేక ఏమయింది, మేక ఏమయింది అని రాస్తే, రాసినాయన గమ్మున దానికో కథ అల్లినాడు. తర్వాత్తర్వాత కెప్టెన్‌ను కాపాడింది ఆ మేకే."

ముగ్గురూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక ధనంజయ తన చేతిని తనే చూసుకున్నాడు. "ఒక్క బొమ్మ రా. ఇది ఇంక ఎన్నాళ్ళు నా మాట ఇంటుందో తెలీదు. నువ్వు పండుకుంటే గీసేస్తా. లేకుంటే ఇదీ అట్లే ఉండిపోతాది."

వద్దనడానికి చెంగయ్యకు నోరు రాలేదు. "వస్తా. కాలి యేళ్ళు మాత్రం కట్టొద్దు" అని లేచాడు.

రాజమహలు గేటు దగ్గర కావలి ఉండే మునిశేఖర్ వాళ్ళను చూసి నోరు తెరిచాడు. ముందు డ్రాయింగు బల్ల చంకలో పెట్టుకుని ధనంజయ. వెనక మందు పంపు వీపున తగిలించుకుని, ఇడ్లీకుండ చేత పట్టుకుని హేమశ్రీ. ఆమె వెనక హ్యాండిల్ బారు, సైకిల్ పంపులతో చెంగయ్య. అందరికంటే వెనక, రావద్దన్నా వినకుండా వచ్చిన నాగవేణి, చేతిలో గుడ్డసంచి.

"ఏంది మామా ఇది? యే చెట్టుకు మందు కొట్టాల? గవర్నమెంటు చెట్లప్పా ఇవి."

"అందులో మందు లేదురా, గాలి" అన్నాడు చెంగయ్య.

"గాలికి ఇంత పంపా!" చిన్నప్పుడు చెంగయ్య చేతనే గాలి పట్టించుకున్నవాడు మునిశేఖర్. సంచిలోకి తొంగి చూడబోతే నాగవేణి చటుక్కున వెనక్కి లాక్కుంది. "నిప్పు గిప్పు పెట్టొద్దండోయ్" అని లోపలికి వదిలాడు.

కోటను ఎడమవైపుకు పెట్టుకుని, గడ్డిలో నీడ పడే చోట ధనంజయ కూర్చున్నాడు. వెనక కొండ ఎర్రగా ఎండలో మెరుస్తోంది. ఈసారి కెప్టెన్‌గా హేమశ్రీ ఇడ్లీకుండ నెత్తిన బోర్లించుకుని నిలబడింది. కుండ చెవుల మీదికి దిగి ఆమెకు ఏమీ వినపడడం లేదు. "సైకిల్ పంపు కిందికి పట్టుకో! ఇంకా కిందికి! కొట్లాట అయిపోయింది, అలిసిపోయినావు!" అని ధనంజయ అరుస్తుంటే, అలిసిపోయినట్టు నటించాల్సిన అవసరం ఆమెకు పడలేదు. వీపున ఉన్న మందు పంపు బరువుకు నడుము దానంతట అదే వంగింది.

"నువ్వు పండుకోరా. నోరు తెరువు. కండ్లు పైకి."

చెంగయ్య నెత్తిన హ్యాండిల్ బారు కట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. మోకాలు కలుక్కుమంది. నోరు తెరిచాడు. పైన ఆకాశం తెల్లగా ఉంది. పెన్సిలు గీకుడు మొదలైంది. తెరిచిన నోట్లో గాలి చల్లగా తగులుతుంటే, బతికున్నప్పుడు ఇట్లా పడుకోవడం ఎంత పాడు పనో అతనికి అర్థమైంది. కంటి చివర నాగవేణి చీర అంచు కనబడుతోంది. ఆమె ఇటు తిరిగి లేదు, కొండవైపు తిరిగి నిలబడి ఉంది. నలభై ఏళ్ళ కింద పేడ చేతులతో పరిగెత్తి వచ్చిన మనిషి.

తల్లికి చేసిన ప్రమాణం గుర్తొచ్చింది. చక్రాలు ముందుకు తోసే పిల్లల చేతులు గుర్తొచ్చాయి. తొండ మొహం గుర్తొచ్చింది. అట్లా గుర్తొస్తూ గుర్తొస్తూ ఉండగా, మెట్ల మీద నిలబడిన మేక గుర్తొచ్చింది.

ముందర ఏముంటే అది గీస్తా.

చెంగయ్య నోరు మూశాడు. మెల్లగా ఒక పక్కకు ఒత్తిగిల్లాడు. కుడిచెయ్యి చెంప కింద పెట్టుకున్నాడు. మోకాళ్ళు రెండూ ముడుచుకున్నాడు. అబ్బ, ఎంత హాయిగా ఉంది!

"రేయ్, కదలొద్దు! సచ్చినోడు పక్కకు తిరగతాడా?"

"గంబోరా తిరగతాడు" అన్నాడు చెంగయ్య కళ్ళు మూసుకునే.

"పేజీ పాడవతాదిరా! వెల్లకిలా పండుకో!"

చెంగయ్య నిద్రపోతున్నట్టు కావాలని ఊపిరి మెల్లగా తీసి వదలడం మొదలుపెట్టాడు. రాత్రి నిద్ర సరిగ్గా లేదు, గడ్డి మెత్తగా ఉంది, కొండ మీది గాలి వీపుకు తగులుతోంది. నాటకంగా తీసిన ఊపిరి ఎప్పుడు నిజమైందో అతనికి తెలియలేదు. ఆఖరుగా వినపడింది ధనంజయ గొణుగుడు, ఆ వెనకే, పాత కాగితం బర్రుమని చింపి కొత్తది పరిచిన చప్పుడు.

మెలకువ వచ్చేసరికి నీడ జరిగిపోయి ఎండ కాళ్ళ మీదికి వచ్చింది. మెడ పట్టేసింది. ఒంటి మీద ఏదో బరువుగా ఉంటే తడిమి చూసుకున్నాడు. హేమశ్రీ చున్నీ. ఆమె గడ్డిలో కుండ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది, నుదుటి చుట్టూ కుండ అంచు గీత ఎర్రగా పడింది. ధనంజయ బల్ల ఒళ్ళో పెట్టుకుని తన చేతులు తనే పిసుక్కుంటున్నాడు.

"గురక పెట్టినావు రా దరిద్రుడా" అన్నాడు ధనంజయ. "పెద్ద బస్సు మాదిరి."

"గీసినారా?"

"ముందర ఉన్నదే గీసినా."

చెంగయ్య పాకినట్టుగా జరిగి బల్ల మీదికి వంగాడు. కోట నీడలో గంబోరా ఒత్తిగిల్లి పడుకుని ఉన్నాడు. ఒక కొమ్ము గడ్డిలో గుచ్చుకుంది. చెంప కింద చెయ్యి, ముడుచుకున్న మోకాళ్ళు, సగం తెరుచుకున్న పెదవుల మధ్య పళ్ళ సందు. ఈసారి ఆ మొహానికి ముడతలు కూడా ఉన్నాయి. నలభై ఏళ్ళు కుస్తీ పట్టి అలిసిపోయినవాడి నిద్ర. పక్కనే కెప్టెన్ వంగి, తుపాకీ నేల మీద పెట్టేసి, తన పైబట్ట తీసి అతని భుజం దాకా కప్పుతున్నాడు. అది కూడా ముందర జరిగిందే కాబోలు. కెప్టెన్ మొహం కుండ నీడలో ఉండి సరిగ్గా కనపడడం లేదు. ఒక్క గీత వణకలేదు.

చెంగయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. సంతోషమేసింది, అంతే.

"మరి రాసినాయన 'నేల కూలును' అన్యాడు కదా అయివోరా?"

"నేల మీదే ఉండాడు కదరా" అన్నాడు ధనంజయ. "ఇంతకన్నా ఎట్ల కూలాల?"

హేమశ్రీ సంచిలోంచి లాప్‌టాప్ తీసి తెరవబోయి, తెరవకుండానే పక్కన పెట్టేసింది. "మీకు కెప్టెన్ మొహం ఇవ్వాలని నేను తెగ ఆరాటపడిపోయినాను. కావాలా వద్దా అని మిమ్మల్ని అడగనే లేదు" అంది.

"నువ్వు గీసిన బొమ్మ శానా బాగుండాది పాపా. అది నాకు ఒగటి పటం కట్టించియ్యి, ఇంట్లో పెట్టుకుంటా. పుస్తకంలో మాత్రం సబ్బాయన మొహం సబ్బాయనకే ఉండనీ. గంబోరా మొహం నాకుండనీ. అది పోతే నా అంగడికి దావ ఎవురూ చెప్పలేరు." కొంచెం ఆలోచించి, "కెప్టెన్ ఒళ్ళు మాత్రం నాదని వెనక పేజీలో పెద్దక్షరాలతో రాయల్ల. అందరికీ తెలియల్ల" అన్నాడు.

"మొదటి వరుసలోనే రాస్తాను గంబోరా మామా."

'గారు' పోయినందుకు చెంగయ్యకు ప్రాణం కుదుటపడింది.

"ఇప్పుడు ఈ బొమ్మలో కెప్టెన్ ఏం మాట్లాడాల?" అంది హేమశ్రీ. "ఆఖరి మాట కదా, ఏదో ఒకటి రాయాలి."

"ఏం రాయొద్దు" అంది వెనకనుంచి నాగవేణి. ఎప్పుడొచ్చిందో బల్ల దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో ఆ సీరియల్ బొమ్మ ఒక్కటీ తిన్నగా చూసిన మనిషి కాదు. ఇప్పుడు వంగి, గంబోరా ఛాతీ దగ్గర్నుంచి చూసింది, పాదాల దగ్గర మరీ దగ్గరగా చూసింది. బొటనవేళ్ళు విడివిడిగా ఉన్నాయి. "మడిసి పండుకోనుంటే పక్కన మాట్లాడతారా ఎవురన్నా? గమ్మున ఉండమను ఆయప్పని."

"సరే, మాటలే లేవు" అంది హేమశ్రీ.

నాగవేణి గుడ్డసంచిలో చెయ్యి పెట్టి పిడికెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ బయటికి తీసింది. పొద్దున మునిశేఖర్‌ను చూడనీయంది ఇందుకే. నడుము బిగించి మొగుడి తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. చెంగయ్య హ్యాండిల్ బారు ఇంకా విప్పుకోలేదు, చెయ్యి కొమ్ములకు తగలకుండా కొంచెం పైకెత్తి తిప్పాల్సి వచ్చింది. తర్వాత వంగి, అదే పిడికిలితో, బల్ల మీద నిద్రపోతున్న గంబోరా చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ధనంజయ బల్లను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవురికి తీస్తా ఉండావు?" అన్నాడు చెంగయ్య నవ్వుతూ. "నాకా, బొమ్మకా?"

నాగవేణి తిప్పడం ఆపలేదు.

"ఇద్దరుండారా ఏంది?" అంది.